వేడి తగిలే చోటు

లిఫ్టు మీద ఎత్తిన కారు కింద నిలబడి గొట్టాలాయన రెండో అతుకు వేస్తున్నాడు. అసలు పేరు షెడ్డులో ఎవరికీ పట్టదు. ఇరవై ఎనిమిదేళ్లుగా కార్లకు పొగగొట్టాలు బిగిస్తున్నాడు కాబట్టి ఆ పేరే ఖాయమైంది. మెడ ఎప్పుడూ పైకెత్తి పనిచేసీ చేసీ, రోడ్డు మీద నడిచేటప్పుడు కూడా పైనున్న ఎవరినో నిలదీస్తున్నట్టు కనిపిస్తాడు. ఈరోజు నిజంగానే ఒళ్లు మండిపోతోంది.

అది టర్బో కారు; ఇంజను పక్కనుండే టర్బో వేడి పొగ తోపుతో తిరిగి బండికి ఊపునిస్తుంది. ఆసామి బయట కొన్న లావుపాటి గొట్టం బిగించుకుని, పొగలోని విషాన్ని విరిచే కన్వర్టర్‌ని ఏడాది కిందట ఇక్కడే కోయించి పారేయించాడు. కోసింది గొట్టాలాయనే. ఇప్పుడు కాలుష్యం తనిఖీ దగ్గరపడింది, కొత్తది పెట్టమంటున్నాడు. టర్బో పక్కన పెడితే బండి ఊపు తగ్గుతుందట, అందుకని వెనక చివర పెట్టాలట. తనిఖీవాళ్లు వంగి చూస్తారు, కనిపిస్తే చాలట.

కన్వర్టర్ బాగా కాగితేగాని పనిచేయదు. చివరిదాకా వచ్చేసరికి పొగ చల్లారుతుంది. అక్కడ పెట్టడమంటే ఆర్పేసిన పొయ్యి మీద ఎసరు పెట్టడమే.

ఆ మాట పొద్దున్నే బావమరిదికి చెప్పాడు. షెడ్డు బావమరిదిది. వాడికి వెల్డింగు నేర్పింది ఈయనే. షెడ్డు కట్టుకున్నాక వాడు చేతులు నల్లబడే పని మానేశాడు. చెప్పినట్టు చెయ్యమని ఒక్క ముక్కలో తేల్చేసి అద్దాల గదిలోకి వెళ్లిపోయాడు. తమ్ముడితో తగువు పెట్టుకోవద్దని భార్య రోజూ చెప్పే మాటకు కట్టుబడి గొట్టాలాయన ఇన్నేళ్లూ నోరు కట్టేసుకున్నాడు.

పోయిన నెల పొయ్యి మీద పాలు మాడి గిన్నె నల్లబడింది. పక్కనే కూర్చున్న తనకు తెలియలేదు. ఇన్నేళ్లు పీల్చిన పొగకు వాసన పట్టే శక్తి పోయిందనీ, ఇక రాదనీ డాక్టరు చెప్పాడు. ఎన్ని వందల కన్వర్టర్లు తన చేత్తోనే కోసి చెత్తలో పడేశాడో! ఆ కోపం ఎవరి మీద చూపాలో తెలియక నెల్లాళ్లుగా ఇనుము మీద చూపిస్తున్నాడు.

అతుకు పూర్తయింది. బావమరిది వచ్చి తలెత్తి చూశాడు. కన్వర్టర్ టర్బో పక్కనే ఉంది. వాడి ముఖం కందగడ్డయింది.

"ఏంటి బావా ఇది? కోసి వెనక పెట్టు."

"కోసీ కోసీ నా ముక్కే పోయిందిరా. ఇంక నేను కోయను. కావాలంటే నువ్వు కొయ్యి."

"అక్క మొహం చూసి ఊరుకుంటున్నాను."

"ఊరుకోకు."

గొట్టాలాయన బల్ల మీద సుద్దముక్క తీసుకుని, ఇంకా వేడి ఆరని అతుకు పక్కన గొట్టం చుట్టూ తిన్నగా ఒక గీత గీశాడు. కోయాల్సిన చోటు అంత కచ్చితంగా ఆ షెడ్డులో ఇంకెవరూ చూపించలేరు. చొక్కా మార్చుకున్నాడు. ఎవరికీ చెప్పకుండా గేటు దాటాడు. మళ్లీ ఆ షెడ్డులో అడుగు పెట్టలేదు.

బావమరిది కోత మిషను పట్టుకుని కారు కిందకు వెళ్లాడు. దాన్ని ముట్టి పదేళ్లయింది. గీత దాకా ఎత్తి, మీట నొక్కకుండానే మిషను కింద పెట్టేశాడు. షెడ్డు మూసేవేళకు కారింకా లిఫ్టు మీదే ఉంది. అతుకు చల్లారింది. దాని పక్కన, గొట్టం చుట్టూ, తెల్లటి సుద్ద గీత చెక్కుచెదరకుండా ఉంది.