టీవీ తలుపులు

జగ్గయ్యపేటలో కనకవల్లి మంగళవారం మాత్రం మజ్జిగ ఎక్కువ చిలికేది. టీవీలో నాటకం అవగానే నటులు దాహంతో బయటికొస్తారు మరి. హీరో, హీరోయిన్ రారు. పోస్టుమానూ, కాంపౌండరూ, పెళ్లిచూపుల్లో కాఫీ అందించే పిన్నీ వస్తారు. మజ్జిగ తాగి, వార్తల్లోపు లోపలికెళ్లిపోతారు. తర్వాత టీవీ చెక్క తలుపులు మూసి తాళం వేయడం ఆవిడ పని.

కొడుకు భావనారాయణ నందిగామలో తొలి సినిమా తీస్తున్నాడు. మంగళవారం షూటింగ్ ముగించి వచ్చేస్తాడు. అందరినీ పేరుతో పిలిచి గ్లాసందిస్తాడు.

"నాటకం చివర ఆ పేర్లు చదివేలోపే పైకి పోతాయి గదరా!"

"నేను చూసేదే వాటికోసం అమ్మా."

ఆ మంగళవారం వాడు రాలేదు. బస్సు కండక్టరు కృపారావు గుమ్మంలోంచే చెప్పాడు. "తాత వేషగాడు రానన్నాడంటండీ. రేపు పొద్దున్నకి ఇంకో మనిషి లేకపోతే సినిమా ఆపేస్తాడంట ప్రొడ్యూసరు."

ఆ కంగారులో కనకవల్లి టీవీ తలుపులు మూసి తాళం వేసేసింది.

"అమ్మా, నేనింకా ఇక్కడే ఉన్నా," పెరట్లోంచి ప్రేమదాసు వచ్చాడు. ఎప్పుడూ ఒకటో రెండో మాటల వేషాలే ఆయనవి.

తాళం తీసేసరికి వార్తలావిడ కూర్చునుంది.

"ఇప్పుడు దూరితే ఆవిడ ఒళ్లో పడతా. వచ్చేవారం చూద్దాం లెండి."

"మతి లేదండీ నాకు. వాడికేమో అట్లా, మీకేమో ఇట్లా..."

ఆయన మజ్జిగ గ్లాసు కింద పెట్టాడు. "సినిమాలో ఆ తాత ఎట్లా నడుస్తాడమ్మా?"

"మోకాలు నొప్పి. కర్ర మాత్రం పట్టడంట."

ప్రేమదాసు హాల్లోంచి వరండాలోకి నడిచాడు. మూడో అడుగుకే కనకవల్లి పరుగున వెళ్లి చెయ్యి పట్టుకుంది. పట్టుకున్నాక గాని తెలియలేదు, అది వేషమని.

"టీవీ సారేనా? ముందు సీట్లో కూర్చోండి," అన్నాడు కృపారావు, నందిగామ వెళ్లే తిరుగు బస్సు దగ్గర.

నలుపూ తెలుపుల టీవీలోంచి వచ్చిన మనిషికి రంగు పూయడానికి మేకప్ వాళ్లు నానా తంటాలు పడ్డారట. షూటింగ్ ఆగలేదు. మరుసటి మంగళవారం ఆవిడ ఆయన కోసం టీవీ తలుపులు బార్లా తీసి పెట్టింది. ఆయన రాలేదు. షాట్‌లో ఉన్నాడు.

బొమ్మ పేటకొచ్చిన రోజు సినిమా హాల్లో ఆవిడ పక్కనే కూర్చున్నాడాయన. తెర మీద మొదటి పేరు పడింది. పైకి పోలేదు. కనకవల్లి అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ చదివింది.

ప్రే... మ... దా... సు.

ఆవిడ చదవడం అయ్యేదాకా అది అక్కడే ఉంది.