ఎత్తేసిన గేటు

తిండివనం రోడ్డు మీది గేటును యాభై నాలుగు నవంబరులో ఎత్తేశారు. అడ్డకర్ర పోయింది, సోదా గది తలుపులు బార్లా తెరిచారు, సిపాయిల టోపీలు మారాయి. పుదుచ్చేరిలో వీధి వీధినా టపాకాయలు కాల్చారు. పెద్ద బజారులో జవుళి కొట్టు నడిపే అశ్వత్థనారాయణ మధ్యాహ్నం ఇంటికొచ్చి, కాళ్ళు కడుక్కుంటూనే భార్యకు కబురు చెప్పాడు.

"గేటు పోయింది వసంతా! ఇంక నీకు భయమేంది? హాయిగా మీ చెల్లెలింటికి పోయి రా."

వసంతకుమారి తలూపి కంచం పెట్టింది. ధైర్యం చెప్పేవాళ్ళకేం, చెప్పేసి భోజనానికి కూర్చుంటారు. కర్రతో చేసిన గేటును సర్కారు ఒక్క ఉత్తరువుతో పీకించగలదు. ఆమె గుండెలో పాతుకున్న గేటును పీకమని ఎవరు ఉత్తరువిస్తారు?

సంగతి మూడేళ్ళ కిందటిది. తిండివనంలో చెల్లెలు గిరిజ పెళ్ళి. తల్లి లేని పిల్ల కావడంతో పదేళ్ళ వయసు నుంచీ వసంతే సాకింది. అప్పట్లో ఊరు ఫ్రెంచివాళ్ళది, ఊరు దాటితే ఇండియా. ఇక్కడ చవగ్గా దొరికే సీమ జార్జెట్టు అవతలికి పట్టుకుపోతే సుంకం కట్టాలి. దానికి జవుళి వర్తకుల ఇళ్ళల్లో ఒక ఉపాయం ఉండేది. పెళ్ళికి పోయే ఆడవాళ్ళు కట్టుకున్న చీర కింద ఇంకో రెండు మూడు చుట్టుకునేవాళ్ళు. జార్జెట్టు పల్చన గనక మనిషి కాస్త ఒళ్ళు చేసినట్టు కనిపిస్తుందంతే. దాన్ని దొంగతనమని ఆ ఇళ్ళల్లో ఎవరూ అనుకోలేదు, పెళ్ళి పనుల్లో ఒకటనుకున్నారు. అత్త పట్టమ్మాళ్ తాను రెండు చుట్టుకుని, కోడలికి తన చేత్తోనే మూడు చుట్టింది.

గేటు దగ్గర వరసలో అత్త ముందు, కోడలు వెనక. అత్త దాటిపోయింది. కోడలి నడుము దగ్గర సోదా చేసే ఆవిడ చెయ్యి ఆగింది. గోనెపట్టా తెర చాటుకు తీసుకుపోయి, ఒక్కొక్క చీరే లాగుతూ పైకి లెక్కపెట్టింది. మూడోది లాగుతుంటే గాలికి తెర లేచింది. వరసలో ఉన్నవాళ్ళంతా చూశారు, ఎవడో పకపకా నవ్వాడు. వసంత బిక్కచచ్చిపోయి అత్త కోసం చూసింది. అవతల పట్టమ్మాళ్ ఎవరో పరాయి మనిషిలా, ఒక్కసారైనా వెనక్కి తిరగకుండా బస్సెక్కేసింది.

సాయంత్రానికి జరిమానా కట్టించుకుని వదిలారు. వదిలాక కూడా వసంతకు గేటు దాటడానికి కాళ్ళు రాలేదు, ఇంటికి తిరిగొచ్చేసింది. మర్నాడు గిరిజ మెడలో తాళి అక్క లేకుండానే పడింది. పెళ్ళినుంచి తిరిగొచ్చిన అత్త ఆ ఊసెత్తలేదు, కోడలూ ఎత్తలేదు. ఒకే పొయ్యి దగ్గర మూడేళ్ళు వంట చేశారు, ఆ ఒక్క మాట తప్ప అన్నీ మాట్లాడుకున్నారు.

భయం ఉన్నచోట ఉండేదైతే బాగానే ఉండును. మొదట తిండివనం రోడ్డు వైపు వెళ్ళాలంటే గుండె దడదడలాడేది. తర్వాత జనం వరసకట్టిన చోటల్లా నోరెండి, చేతులు తిమ్మిరెక్కి, ఇప్పుడే ప్రాణం పోతుందన్నంత పనయ్యేది. ఆమధ్య కొట్లో ఎవరో చీర మడత విప్పి దులిపితే చెమటలు పట్టి ఇంటికి పరుగెత్తింది. తాయెత్తు కట్టించారు, దిష్టి తీశారు, దర్గాకు పోయి నీళ్ళు మంత్రింపించి తెచ్చారు. అన్నిటికీ ఆమె బుద్ధిగా తలవంచింది. భయం మాత్రం దేనికీ వంగలేదు.

సంక్రాంతి ముందర గిరిజ ఉత్తరం రాసింది. ఆ ఇళ్ళల్లో మాట తెలుగు, రాత తమిళం. తమిళ అక్షరాల్లో రాసిన తెలుగును కూడబలుక్కుంటూ వసంత రెండుసార్లు చదివింది. గిరిజకు ఏడో నెల. "పెండ్లికి రాలేదని నేనేమీ అనలేదక్కా. దీనికి మాత్రం నువ్వుండాల. నాకు భయంగా ఉండాది" అని రాసింది. తనకే భయమైతే ఆ పిల్లకు ధైర్యం చెప్పేదెవరు? వసంతకు ఏడుపొచ్చింది. ఆ ఏడుపులోంచే కాస్త కోపం కూడా వచ్చింది, అది మంచిదే అయింది.

మర్నాడు మునియన్‌ను పిలిపించింది. ఊళ్ళో అప్పటికే సైకిలు రిక్షాలు తిరుగుతున్నా మునియన్ ఇంకా పాత పుస్‌పుస్ బండే నడిపేవాడు. అది మూడు చక్రాల కుర్చీబండి. బండివాడు వెనకనుంచి తోస్తాడు, ముందున్న పిడి పట్టుకుని దారి తిప్పేది మాత్రం కూర్చున్నవాళ్ళే. వసంత పిడి పట్టుకుని తిండివనం రోడ్డెక్కింది. సున్నపు బట్టీ దాటగానే గుండె దడ మొదలైంది. చటాలున పిడి తిప్పేసింది, మునియన్ ఇంటివైపు తోశాడు. వెనక్కి తిరిగిన మరుక్షణం ప్రాణం కుదుటపడింది. రెండోరోజు బట్టీ దాకా కూడా పోలేకపోయింది. మూడోరోజు వీధి చివరే తిప్పేసింది. తిరిగినప్పుడల్లా ఎంత హాయిగా ఉండేదో, మర్నాటి భయం అంతకంత పెరిగేది. ఆ లెక్క ఆమెకింకా తెలియలేదు.

ఆమెకు తెలిసొచ్చింది ఒక చక్రం పుణ్యాన. వారం తర్వాత పళ్ళు బిగించి, మధ్యమధ్య కళ్ళు మూసుకుంటూ చింతచెట్ల దాకా పోయింది. అక్కడికి గేటు జాగా కనిపిస్తుంది. పిడి తిప్పబోతుండగా చక్రం మీది ఇనప పట్టా ఊడి రోడ్డు పక్కకు దొర్లింది.

"పట్టా పోయెనమ్మా. కొలిమికి పోయి బిగించుకోని వచ్చేస్తా. మీరు ఈడనే కూసోండి," అని మునియన్ పట్టాను భుజానికి తగిలించుకుని వెళ్ళిపోయాడు.

నడిచి పోదామంటే కాళ్ళు వణుకుతున్నాయి. గుండె చెవుల్లో కొట్టుకుంటోంది. అయిపోయింది, ఇక్కడే పోతాననుకుంది వసంత. ఇంటి దగ్గరున్న తన పిల్లల్ని తలుచుకుంది, పెరుమాళ్ళను తలుచుకుంది. భయం పెరిగింది, ఇంకా పెరిగింది, ఇక పెరగడానికి చోటు లేనంత పెరిగింది. అప్పుడు ఉన్నట్టుండి ఇంట్లో దోసెల పిండి మీద మూత పెట్టలేదని గుర్తొచ్చింది. పిల్లి ముట్టుకుంటుందేమోనని బెంగపడింది. బెంగపడిన కాసేపటికి తనకే ఆశ్చర్యమేసింది. ప్రాణం పోయే మనిషికి పిండి గుర్తొస్తుందా? గుండె మీద చెయ్యి పెట్టి చూసుకుంది. దడ తగ్గుతోంది! తాను పారిపోలేదు, తాయెత్తు తాకలేదు, ఎవరూ వచ్చి ధైర్యం చెప్పలేదు. అదంతట అదే వచ్చింది, అదంతట అదే పోతోంది. మూడేళ్ళుగా అది దిగిపోయేదాకా ఒక్కసారి కూడా తాను ఆగలేదు, అంతే.

మునియన్ తిరిగొచ్చేసరికి ఆమె రోడ్డు మీద పోయే బళ్ళను చూస్తూ కూర్చుంది.

"రేపు మళ్ళా ఈడికే రావాల మునియన్," అంది. "నేను పిడి తిప్పినా నువ్వు తొయ్యొద్దు. పిండి గుర్తొచ్చిందని చెప్తానే, అప్పుడు తోయి."

"పిండియా?" అన్నాడు మునియన్, తల గోక్కుని. అయినా సరేనన్నాడు. అతను చూడని పిచ్చివాళ్ళా!

చంటిపిల్లకు కారం అలవాటు చేసినట్టు, వసంత భయాన్ని రోజుకు కాస్తంత చొప్పున తినడం మొదలుపెట్టింది. నాలుగు రోజులు చింతచెట్ల దగ్గరే. తర్వాత తూము దగ్గర, ఆ తర్వాత సోడా కొట్టు దగ్గర. భయం రాగానే కళ్ళు మూసుకోవడం మానేసింది, మూసుకుంటే పాత తెరే కనిపిస్తుంది గదా. ఎదురుగా ఉన్నవాటి పేర్లు చెప్పుకునేది: సోడా బుడ్డి, మేక, ఎర్ర రవిక తొడుక్కున్న ముసలమ్మ. ఊపిరి వదిలేటప్పుడు మెల్లగా, వేడి కాఫీ ఊదినట్టు వదిలేది. ఇంట్లో కూడా ఊరుకోలేదు. మొగుణ్ణి చీర మడతలు విప్పి దులపమని, ఎదురుగా నిలబడి చూసేది. "నీకేమైనా పిచ్చా?" అంటూనే అశ్వత్థనారాయణ దులిపేవాడు.

అంతా సాఫీగా జరిగిందనుకుంటే పొరపాటు. ఒకనాడు గేటు జాగాలోనే లారీలు వరసగా ఆగి ఉండడం చూసి, బండి దిగి ఇంటిదాకా పరుగెత్తింది. రెండురోజులు మంచం దిగలేదు. అత్త గుమ్మంలోంచి చూసి, కాఫీ గ్లాసు మంచం పక్కన పెట్టి పోయింది. మూడోరోజు వసంత మళ్ళీ సున్నపు బట్టీ దగ్గర మొదలుపెట్టింది. శివరాత్రి పడే మాసి నెల వచ్చేనాటికి సోదా గది ఖాళీ అరుగు మీద కూర్చుని వేరుశనక్కాయలు తింది. తింటున్నంతసేపూ గుండె కొట్టుకుంది. కొట్టుకోనీ అనుకుంది.

ఒక ఆదివారం పొద్దున్నే తిండివనం నుంచి మనిషొచ్చాడు. గిరిజకు నొప్పులు మొదలయ్యాయట. అశ్వత్థనారాయణ భార్య ముఖంలోకి చూశాడు. ఆమె అప్పటికే సంచిలో పాత గుడ్డలు, శొంఠి సర్దుతోంది.

"నేనూ వస్తా," అంది పట్టమ్మాళ్, చెప్పులు తొడుక్కుంటూ. "పురుడు పొయ్యడం నీకేం తెలుసు?"

పదిగంటల బస్సులో ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు. సున్నపు బట్టీ పోయింది, చింతచెట్లు పోయాయి. భయం రానే వచ్చింది. మునియన్ బండి వేరు, బస్సు వేరు. ఇక్కడ పిడి తన చేతిలో లేదు, తిప్పమంటే తిప్పేవాళ్ళు లేరు. వసంత కిటికీ ఊచ పట్టుకుని కళ్ళు తెరిచే ఉంచింది. సోడా కొట్టు, సైకిలు, చొప్ప బండి. బస్సు ఆగలేదు, ఆగాల్సిన పనేముంది? గేటు జాగా చూస్తుండగానే వెనక్కి పోయింది. మూడేళ్ళ యాతన, మూడు నిమిషాలు కూడా పట్టలేదు. వసంతకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

పక్కనుంచి పట్టమ్మాళ్ గొంతు వినిపించింది, ఎప్పుడూ లేనంత మెల్లగా.

"ఆ పొద్దు నేను తిరిగి చూడలా."

"తెలుసత్తా. నేను నిన్నే చూస్తా ఉన్నా."

"మూడేండ్లు నోరెత్తి అడగలేదేంది మరి?"

"అడగాలంటే ముందు ఈడిదాకా రావాల గదా," అంది వసంత.

పట్టమ్మాళ్ చేతులు ఒళ్ళో ముడుచుకుంది. "వచ్చేసినావు గదా. అడుగు."

బస్సు కుదుపులకు సంచి జారుతుంటే వసంత సర్దిపెట్టింది. తర్వాత అడిగింది.

"ఎందుకు తిరగలేదత్తా?"

"నా ఒంటి మీదా రెండు చీరలుండె. భయమేసిందమ్మే," అంది పట్టమ్మాళ్.

భయమంటే ఏమిటో వసంతకుమారికి ఒకరు చెప్పనక్కర్లేదు. ఆమె ఆ మాట నమ్మింది.