గాల్లోకి లేచే రొట్టెలు

ఉదయం ఏడుకల్లా హాజ్ సర్హాన్ రొట్టెల కొట్టు ముందు వరుస కట్టడం ఇంబాబా పేటలోని ఆ సందు ఆడవాళ్ల అలవాటు. మిషన్లో రేషన్ కార్డు పెట్టాలి, మనిషికి ఐదు చొప్పున రొట్టెలు అందుకోవాలి, చల్లారడానికి గోడవారన ఈనెల తట్ట మీద పరవాలి, గబుక్కున పైన గుడ్డ కప్పాలి. గుడ్డ ఈగల కోసం కాదు. తూకం తగ్గిన రొట్టె గాల్లోకి లేస్తుంది. సర్హాన్ రొట్టెల్లో తూకం సరిగ్గా ఉన్నది ఒక్కటీ లేదు కాబట్టి గుడ్డ అంచుల మీద రాళ్లు కూడా పెట్టేవాళ్లు.

బహియా కార్డు మాత్రం నాలుగు నెలలుగా పనిచేయడం లేదు. మొగుడు పోయాక నలుగురిళ్లలో మెట్లు కడిగి ఇద్దరు కూతుళ్లను సాకుతోంది.

"ఇంత కరెంటు కాల్చే వాళ్లకి సర్కారు రొట్టెలెందుకమ్మా?" అన్నాడు సరఫరా ఆఫీసు గుమాస్తా, ఆమె మొహం కూడా చూడకుండా.

ఆ కరెంటు కాల్చేది సర్హాన్ పిండి కలిపే మిషను. బతికున్నప్పుడు ఆమె మొగుడు రెండ్రోజులకని తన మీటరు నుంచి తీగ ఇచ్చాడు. తీసెయ్యమంటే, "తీగ ముట్టుకుంటే చెయ్యి విరగ్గొడతా" అన్నాడు సర్హాన్.

అందుకని బహియా రోజూ కొట్టు పక్కనే ఉన్న తన ఇంటి డాబా ఎక్కేది. గుడ్డ కింద నుంచి జారి పైకొచ్చిన రొట్టెల్ని పిండి జల్లెడతో పట్టుకునేది. పిల్లల కడుపు నిండేది.

సర్హాన్ కళ్లల్లో నిప్పులు పోసుకున్నాడు.

"దిగవే దొంగదానా! సర్కారు సొమ్ము మింగుతావా?"

"ఆ సొమ్ముకి రెక్కలిచ్చిందెవరు హాజ్? నేనా?"

సందంతా నవ్వింది. ఆ నవ్వుకే మనిషి ఒళ్లు మరిచాడు. తిన్నగా ఆఫీసుకెళ్లి స్వహస్తాలతో ఫిర్యాదు రాశాడు: నా కొట్లో కాల్చిన రొట్టెలు రోజుకు పదిహేను దాకా ఎగిరి బహియా డాబా మీదికి పోతున్నాయి. కింద సంతకం, దాని మీద ఆఫీసు ముద్ర.

రొట్టెలు ఎందుకు ఎగురుతాయో తనిఖీవాళ్లకి ఎప్పట్నుంచో తెలుసు. వచ్చినప్పుడల్లా టీ తాగి, నేల చూస్తూ వెళ్లిపోయేవాళ్లు. ఇప్పుడు ముద్ర పడ్డ కాగితం ఉంది. దాన్ని మింగడం ఎవరి తరమూ కాలేదు. మూడో రోజు కొట్టుకి సీలు వేశారు.

ఆ సాయంత్రం ఆడవాళ్లు డాబా మీదికి వచ్చారు.

"చల్లగా ఉందా నీ కడుపు?" అంది ఉమ్మ్ షౌకత్, పక్కింటావిడ. "తక్కువో ఎక్కువో, గుమ్మం ముందు రొట్టె ఉండేది. ఇప్పుడు రైలు పట్టాలు దాటి ఎవరు పోతారే, నువ్వు తెచ్చిపెడతావా?"

సర్హాన్‌ని పల్లెత్తు మాటన్న మనిషి లేదు. ఫిర్యాదు రాసిందెవరో బహియా చెప్పబోయింది గానీ, వినేవాళ్లు లేరు.

మిషను ఆగింది కదా, మీటరు కూడా నెమ్మదించింది. రెండు నెలలకి కార్డులో ఆమె పేరు మళ్లీ ఎక్కింది. పట్టాల అవతలి కొట్లో పదిహేను రొట్టెలు అందుకుని తట్ట మీద పరిచింది. ఒక్కటీ కదల్లేదు.

ఉమ్మ్ షౌకత్ తన తట్టని విసురుగా అవతలికి లాక్కుంది. "నీ నీడ నా రొట్టె మీద పడనివ్వకు."

బహియా జరగలేదు. ఒక రొట్టె తీసి, ఉమ్మ్ షౌకత్ కళ్లలోకి చూస్తూ, చివరి ముక్క దాకా అక్కడే నిలబడి తింది.