నర్సమ్మ తాగని కాఫీ

పెళ్ళివారిల్లంటే ఎలా ఉంటుందో మనకు తెలియనిది కాదు. అరబ్బుల దేశంలో మఫ్రక్ పట్నం దాటి ఎడారి మొదలయ్యే చోట, అబూ సాకర్ ఇంటి ముంగిట ఆ ఉదయం ఆడవాళ్ళు బియ్యంలో రాళ్ళు ఏరుతూ ఒకరినొకరు ఆటపట్టించుకుంటున్నారు. గోడ నీడన మగవాళ్ళు తుపాకులు విడదీసి నూనె పెడుతున్నారు. ఎవరినీ చంపడానికి కాదు, సంబరానికే. పెళ్ళికొడుకు కారు దిగగానే ఆకాశంలోకి పేల్చకపోతే అది పెళ్ళే కాదని ఆ చుట్టుపక్కల అందరి నమ్మకం. మధ్యమధ్య ఎవరో ఒకరు లేచి, పనిచేస్తోందో లేదో చూడటానికి గాలిలోకి ఒక తూటా వదులుతున్నారు. వదిలినప్పుడల్లా పెరట్లో మేకల కొట్టంలోంచి ఒక మనిషి గొంతు చించుకుని అరుస్తున్నాడు. అయినా బియ్యం ఏరే చేతులు ఆగడం లేదు.

అరిచే మనిషి దియాబ్, అబూ సాకర్‌కు స్వయానా తమ్ముడు. ఒకప్పుడు బాగ్దాద్ దారిలో లారీ తోలేవాడు. ఆ దారిలో ముసుగులవాళ్ళు లారీ ఆపి, పక్క సీట్లోని స్నేహితుణ్ణి అతని ఒళ్ళోనే కాల్చి చంపారు. ఇంటికి తిరిగొచ్చినప్పటి నుంచి తలుపు ధన్‌మని పడినా చాలు, చేతికందింది పట్టుకుని మనుషుల మీదికి దూకేవాడు. జిన్ను అనే దయ్యం పట్టిందన్నారు. కొట్టారు, గొలుసు వేశారు. ఆరోగ్య కేంద్రం నుంచి రుదైనా అనే నర్సు వచ్చి, ఇంటిల్లిపాదితో గొడవపడి, ఆ గొలుసు విప్పించి వైద్యం మొదలుపెట్టింది. దియాబ్ మనిషయ్యాడు. మేకలు కాశాడు, పెళ్ళాం ఖౌలాతో కూర్చుని నవ్వాడు కూడా. ఆఖరి తమ్ముడి పెళ్ళి పనులు మొదలయ్యేసరికి మళ్ళీ గొలుసు పడింది.

ఖౌలా చాటుగా ఫోన్ చేస్తే రుదైనా పరుగున వచ్చింది. ఆవిడ పిచ్చాసుపత్రి వార్డుల్లో తల నెరిసిన మనిషి, మానసిక వైద్యంలో పెద్ద చదువు చదివిన నర్సు. డాక్టరు వారానికోసారి వచ్చే ఆ కేంద్రంలో మిగతా రోజులన్నీ మందూ మాటా ఆవిడవే. కొట్టంలో అడుగుపెట్టేసరికి అబూ సాకర్ నీళ్ళ పైపుతో తమ్ముణ్ణి బాదుతున్నాడు. దియాబ్ వీపు మీద చర్మం చిట్లి చొక్కాకు అంటుకుపోయింది. పెదవి రెండుగా చీలింది.

"చంపేస్తావా ఏం?" అని అరిచింది రుదైనా.

"చూడు, వీడేం చేశాడో!" అబూ సాకర్ చెయ్యి చాచాడు. ముంజేతిలోంచి కండ ఊడివచ్చేలా కొరికి ఉంది. "నువ్వు చెప్పిన సూది వేయించాం, మాత్రలు మింగించాం. ఏం లాభం నర్సమ్మా? ఇది మందులకి లొంగే రోగం కాదు."

"ఆ పైపు ఇటిచ్చి బయటికి నడువన్నా. చెట్లకి నీళ్ళు పెట్టుకునే దానితో ఇక్కడేం పని?"

అందరినీ పంపేసి ఆవిడ దియాబ్‌కు దూరంగా, పేడ నేల మీదే చతికిలబడింది. తలుపు తన వీపు వెనక కాకుండా, అతనికి బయటి దారి కనిపించేలా పక్కకు జరిగింది. ఏ పని చేయబోయినా ముందు చెప్పింది. "దియాబ్, సంచీ తెరుస్తున్నా. ఇది దూది. ఇది నీళ్ళ సీసా, ముందు నేను తాగుతా చూడు." అతని ఊపిరి మెల్లగా కుదుటపడుతోంది.

సరిగ్గా అప్పుడే బయట తుపాకీ పేలింది. దియాబ్ ఎగిరి లేచాడు. గొలుసు గాలిలో తిరిగి రుదైనా కనుబొమ మీద పడింది. చర్మం చిట్లి రక్తం కంట్లోకి కారింది. ఆవిడకు ప్రాణం కళ్ళలోకి వచ్చింది. అరిచిందంటే మగవాళ్ళు కర్రలు పట్టుకుని వస్తారు. అందుకే పళ్ళ బిగువున కేక ఆపుకుంది.

"దియాబ్, నేను రుదైనాని. దెబ్బ తగిలింది, చావలేదులే. ఇది మీ మేకల కొట్టం. లారీ కాదు."

"రక్తం," అన్నాడతను. "మళ్ళీ నా ఒళ్ళోకే."

"నాదే ఆ రక్తం. తుడుచుకుంటే పోతుంది. నీ చెయ్యి పట్టుకోనా?"

"వద్దు."

"సరే." ఆవిడ పట్టుకోలేదు. వద్దన్న మాటను మన్నించడం కూడా వైద్యమేనని ఎంతమందికి తెలుసు? ఎండ తలుపు దాటి లోపలికి జరిగేదాకా అలాగే కూర్చుంది. చివరికి దియాబే చెయ్యి చాచాడు.

నుదుటికి కట్టు కట్టుకుని రుదైనా తిన్నగా మగవాళ్ళు కూర్చునే పెద్ద గదిలోకి వెళ్ళింది. అబూ సాకర్ మర్యాద తప్పని మనిషి. తానే ఫింజాన్ అనే చిన్న కప్పులో చేదు కాఫీ పోసి అందించాడు. ఆవిడ అందుకుని, తాగకుండా నేల మీద పెట్టింది.

అందరి చూపులూ ఆ ఫింజాన్ మీద పడ్డాయి. ఏదైనా కోరి వచ్చిన మనిషి ఫింజాన్ కింద పెడితే, కోరింది ఇస్తానని ఇంటాయన మాట ఇచ్చేదాకా ఆ కాఫీ తాగరు. తాగకుండా లేచిపోతే ఆ ఇంటి పరువు గంగలో కలిసినట్టే. కానీ ఆ పని పెద్దమనుషులు చేస్తారు, తెగల పెద్దలు చేస్తారు. నర్సులు చేయరు.

"ఇదెక్కడి చోద్యం!" అన్నాడు అబూ సాకర్ బావమరిది ముఖ్లిద్, మీసం మెలేస్తూ. "పిచ్చోళ్ళతో తిరిగి తిరిగి ఈవిడకీ అంటుకున్నట్టుంది బావా."

"అంటుకునేదే అయితే ముందు మీ బావకే అంటుకోవాలి. రోజూ ఆయన ఒంటినిండా తమ్ముడి రక్తమేగా!" అంది రుదైనా.

ఎవరో కిసుక్కుమని, అంతలోనే నోరు మూసుకున్నారు. అబూ సాకర్ ముఖం కందగడ్డయింది. "ఏం కావాలో చెప్పు చెల్లెమ్మా," అన్నాడు.

"నీ తమ్ముడి గొలుసు తీయాలి. పెళ్ళిలో ఒక్క తూటా కూడా పేలకూడదు."

గది గోలెత్తిపోయింది. "తుపాకీ పేలని పెళ్ళా! అబూ సాకర్ ఇంట్లో జరిగింది పెళ్ళా, చావా అని అడగరూ?" అని ముఖ్లిద్ తొడ చరిచాడు.

"ఒక్క పిచ్చోడి కోసం ఇంటి సంబరం మానుకోమంటావా?" అన్నాడు అబూ సాకర్.

"సంబరం మానుకోమని ఎవరన్నారు? పాటలు పాడించు, చిందులు వేయించు, రమ్మంటే నేనూ వేస్తా. ఆ చప్పుడొక్కటే వద్దు. మీకది పెళ్ళి చప్పుడు. వాడికది స్నేహితుడు చచ్చిన చప్పుడు. నేను మందిచ్చి వాణ్ణి ఆ లారీలోంచి బయటికి లాగుతాను, మీరు తుపాకీ పేల్చి మళ్ళీ అందులోకి తోస్తారు. ఇంకెన్నాళ్ళన్నా?"

అబూ సాకర్ కళ్ళు ఆవిడ కట్టు మీద నిలిచాయి. "అది వాడు కొట్టిందేనా?"

"గొలుసు కొట్టింది. గొలుసు వేసింది నువ్వు."

అతను కింద పెట్టిన ఫింజాన్ తీసి ఆవిడ చేతికిచ్చాడు. "తాగు చెల్లెమ్మా," అన్నాడు చివరికి. "నా ఇంట్లో తూటా పేలదు. గొలుసూ తీయిస్తా."

పెళ్ళినాడు వచ్చినవాళ్ళ తుపాకులన్నీ అబూ సాకర్ అడిగి తీసుకుని గదిలో పెట్టి తాళం వేశాడు. దియాబ్ గడ్డం గీయించుకుని, తెల్లని బట్టలు కట్టుకుని, గుడారం చివర రుదైనా పక్కన కూర్చున్నాడు. "ఇప్పుడు కార్లు హారన్లు కొడతాయి. ఇప్పుడు డప్పులు మోగుతాయి," అని ఆవిడ ముందే చెబుతుంటే, ఒళ్ళంతా చెమటలు పోస్తున్నా పళ్ళు బిగించి ఓర్చుకున్నాడు. దూరం నుంచి ఖౌలా చూసి కళ్ళొత్తుకుంది.

పెళ్ళికొడుకు కారు దిగాడు. ముఖ్లిద్ దుస్తుల లోపల దాచిన పిస్తోలు తీశాడు. "ఆడదాని మాటకి మగాళ్ళు మూగవాళ్ళవుతారట్రా!" అని నవ్వుతూ వరసపెట్టి పేల్చాడు.

దియాబ్ ఎప్పుడు లేచాడో, మాంసం కోసే కత్తి ఎప్పుడు అందుకున్నాడో ఎవరూ చూడలేదు. అడ్డుపడిన రుదైనాను తోసేశాడు. ముఖ్లిద్ ముంజేయి ఎముక కనిపించేలా తెగింది. అన్నపు పళ్ళాల మీద రక్తం చిమ్మింది. ఆడవాళ్ళ కేకలు ఆకాశాన్నంటాయి. ముఖ్లిద్ కొడుకు కింద పడిన పిస్తోలు అందుకుని దియాబ్ గుండెకు గురిపెట్టాడు. "వేసెయ్యరా! పిచ్చికుక్కని వేసెయ్!" అని ఎవరో అరిచారు.

అబూ సాకర్ చేతికర్ర ఎత్తి తమ్ముడి మీదికి వెళ్ళాడు. అలవాటైన పనే అది. కింద పడిన రుదైనా మాత్రం తనను లేపమని అడగడం లేదు. "దియాబ్, ఇది మీ ఇల్లు! లారీ కాదు!" అంటూ ఒకటే కేకలు వేస్తోంది. ఆ మాట చెవిన పడి అబూ సాకర్ ఎత్తిన చెయ్యి ఆగిపోయింది. కర్ర పారేశాడు. పిస్తోలుకు వీపు అడ్డంపెట్టి, పెళ్ళి బట్టలతోనే కంకర నేల మీద కూలబడ్డాడు.

"దియాబూ, నేన్రా, అన్నని. కొట్టను. ఇంకెప్పుడూ కొట్టను. కత్తి ఇస్తావా?"

"దగ్గరికి రాకు!"

"రాను నాన్నా. ఇక్కడే కూర్చుంటా."

వెనక పిస్తోలు, ముందు కత్తి. అబూ సాకర్ కదల్లేదు. దియాబ్ చేతిలో కత్తి కిందికి దిగింది, జారి నేల మీద పడింది. అతను అన్న భుజం మీద తల పెట్టి చిన్నపిల్లాడిలా బావురుమన్నాడు. ఆ పెద్దమనిషి కూడా నలుగురూ చూస్తున్నారన్న సిగ్గు లేకుండా ఏడ్చాడు.

రుదైనా లేచి ముఖ్లిద్ చేతికి కట్టు కట్టింది. కట్టించుకుంటూనే అతను నిప్పులు కక్కాడు. "నా రక్తం చిందించాడు బావా! వాణ్ణి మాకు అప్పగించు. లేదా చచ్చేదాకా పిచ్చాసుపత్రిలో పారెయ్. లేకపోతే ఈ రోజుతో మన చుట్టరికం చెల్లు!"

అందరూ అబూ సాకర్ వైపు చూశారు. అతను తమ్ముణ్ణి పొదివి పట్టుకుని లేచాడు.

"నీ గాయానికి పెట్టాల్సిన ఖర్చు పెడతా, నీ గడపకొచ్చి క్షమాపణ అడుగుతా ముఖ్లిద్. ఆ తప్పు మాదే. కానీ నేనిచ్చిన మాటని నా వాకిట్లోనే కాల్చింది నువ్వు. తమ్ముణ్ణి ఎక్కడికీ పంపను," అన్నాడు. తర్వాత గుడారంలోని అందరి వైపు తిరిగాడు. "వినండయ్యా! సంతోషమొస్తే తుపాకీ పేలుస్తాం, కోపమొస్తే కర్ర ఎత్తుతాం, పైగా ఈ ఇంట్లో పిచ్చి వీడొక్కడికే ఉందనుకున్నాం. మందు వీడి చేత మింగించి, మన అలవాట్లు మనం పెట్టుకుంటే వీడికి ఏ జన్మకీ నయం కాదు. రోగి బాగుపడాలంటే ముందు ఇల్లు బాగుపడాలి!"