లాండ్రీ మీద పడ్డ మాట

కొత్త ఫ్లూ ఊళ్లోకి వచ్చిందని తెలిసిన కొద్ది రోజులకే వీధిలో ప్రతివాళ్లూ సగం డాక్టర్లైపోయారు. ఎవరైనా గేటు దగ్గర తుమ్మితే చాలు, ఎదురింటి కిటికీ టప్పున మూసుకునేది. అపార్ట్‌మెంట్ మూడో అంతస్తు పెద్దాయన లిఫ్టు మీట వేలితో నొక్కడం మానేసి, జేబులో పెన్సిల్ పెట్టుకు తిరగడం మొదలుపెట్టాడు. మీట నొక్కాక పరధ్యానంగా అదే పెన్సిల్‌తో చెవి గోక్కునేవాడు. పావురాల వల్ల వస్తుందని ఒకరన్నారు. ఫ్రిజ్‌లో నీళ్ల వల్ల వస్తుందని ఇంకొకరన్నారు. ఏ మాటా రెండు పూటలకు మించి నిలవలేదు. ఒక్క మాట మాత్రం నిలిచింది. అది వీధి మూల మీది లాండ్రీ గురించి.

ఆ లాండ్రీ నడిపే ఆవిడను అందరూ లాండ్రీ ఆవిడ అనే పిలిచేవారు. ముందు గదిలో రెండు పెద్ద వాషింగ్ మెషిన్లు, పక్కన ఆరబెట్టే మెషిను, కిటికీ వెలుగు పడేచోట ఇస్త్రీ బల్ల. వెనక రెండు గదుల్లో కాపురం. మొగుడు సిటీ బస్సు డ్రైవరు. మాట తక్కువ మనిషి. పొద్దున్నే డ్యూటీకి వెళితే సాయంత్రానికి గాని రాడు.

ఆమెకు లోకంలో అందరికంటే దగ్గర మనిషి అక్క. పక్క వీధిలో చిన్నపిల్లల్ని చూసుకునే కేంద్రం నడుపుతుంది. ఉద్యోగాలకు వెళ్లే తల్లులు పొద్దున పిల్లల్ని ఒప్పజెప్పి సాయంత్రం తీసుకెళతారు. అందుకే ఆమె అందరికీ టీచరమ్మ. భర్త చిన్న వయసులోనే పోయాడు, పిల్లల్లేరు. కేంద్రంలో పిల్లలు పడుకునే దుప్పట్లు, తువ్వాళ్లు వారం వారం చెల్లెలి లాండ్రీకే వచ్చేవి. ఎంత పని ఉన్నా చెల్లెలు వాటినే ముందు మెషిన్లో వేసేది.

మొదట ఎగతాళిగానే మొదలైంది. ఇస్త్రీ ఆవిరిలో వైరస్ ఎగురుతుందట అని ఎవరో అంటే, లాండ్రీ ఆవిడ పడీపడీ నవ్వింది. "ఎగిరితే ముందు నా ముక్కులోకే కదండీ ఎగరాలి! నాకు జలుబైనా లేదు" అంది. విన్నవాళ్లు కూడా నవ్వారు. కానీ మర్నాటి నుంచి బట్టల మూటలు రావడం తగ్గింది. ఇచ్చినవాళ్లు కూడా ఉతకకముందే వచ్చి, "తొందరేం లేదులే అమ్మా, మేమే ఇంట్లో చూసుకుంటాం" అని ఆమె కళ్లలోకి చూడకుండా పట్టుకెళ్లారు.

తర్వాత మాట పెరిగింది. లాండ్రీలో నర్సింగ్ హోమ్ దుప్పట్లు ఉతుకుతున్నారట. ఫ్లూ రోగులు పడుకున్న పక్కలన్నీ అక్కడికే వస్తాయట. వాటితో కలిపే అందరి బట్టలూ వేస్తుందట.

అది విన్నప్పుడు మాత్రం ఆమెకు నవ్వు రాలేదు. చేతిలో ఇస్త్రీపెట్టె అలాగే ఉండిపోయి ఒక చొక్కా కాలర్ కమిలిపోయింది. ఎందుకంటే నర్సింగ్ హోమ్ సంగతి పూర్తిగా గాలి కబురు కాదు. ఫ్లూ రాకముందు ఒక నర్సింగ్ హోమ్ మేనేజరు వచ్చి, తమ పక్క బట్టలు ఉతుకుతారా అని అడిగిన మాట నిజం. ఆమె ఆలోచించి ఒప్పుకోలేదు. ఒక్క దుప్పటి కూడా గడప దాటి లోపలికి రాలేదు. కానీ ఆ మనిషి వచ్చి అడిగినట్టు తెలిసింది ఇద్దరికే. మొగుడికి, అక్కకి.

అక్క మీదికి ఆమె మనసు పోనే పోలేదు. మొగుడు బస్సు దిగి ఇంట్లో కాలు పెట్టగానే పట్టుకుంది.

"డిపోలో ఎవరితో వాగారు మీరు?"

"ఏం వాగాను?"

"నర్సింగ్ హోమ్ సంగతి. మీరు చెప్పకపోతే వీధికెలా తెలిసింది? గోడలకు చెవులున్నా మన ఇంటి గోడలకు నోరైతే లేదుగా!"

అతను బూట్లు విప్పుకుంటూ తలెత్తి చూశాడు. "నేనెవరితోనూ అనలేదే. నాకా సంగతే గుర్తులేదు."

"అయితే నేనే వెళ్లి మైకులో చెప్పానా?"

ఆమె ఆ సాయంత్రం ఆగలేదు. పెళ్లైన దగ్గర్నుంచి అతని నోట జారిన మాటలన్నీ ఏరి తెచ్చి ముందు పోసింది.  అతను భోజనం కూడా సరిగా చేయకుండా, "నన్ను నమ్మవన్నమాట" అని మాత్రం అని లేచి వెళ్లాడు. ఆ తర్వాత కొన్ని రోజులు ఇంట్లో మాటలు లేవు.

ఆ రోజుల్లో ఆమెకు దిక్కైంది అక్కే. రోజూ మధ్యాహ్నం పిల్లలు పడుకునే వేళకు ఆయాను కాపలా పెట్టి, డబ్బాలో భోజనం తెచ్చేది. ఇస్త్రీ బల్ల పక్కన కూర్చుని చెల్లెలి వీపు నిమిరేది.

"ఎవడు పుట్టించాడో వాడి నోరు పడిపోను. నువ్వు దిగులు పడకు చిట్టీ. నాలుగు రోజులు పోతే అందరూ మరిచిపోతారు. ఎవరితోనూ గొడవ పెట్టుకోకు. ఎంత గింజుకుంటే అంత నిజమనుకుంటారు."

"నాకు ఆయన మీదే అనుమానం అక్కా."

అక్క డబ్బా మూత బిగించింది. "మగాళ్ల నోరు అంతేనే. పోనీలే, కడుపులో పెట్టుకో" అంది.

ఆ వారం దుప్పట్లు రాలేదేమని చెల్లెలు అడిగితే, జ్వరాల భయంతో పిల్లల్ని ఎవరూ పంపడం లేదనీ, కేంద్రం ఖాళీగా ఉందనీ చెప్పింది. చెల్లెలు అక్క కోసం కూడా బాధపడింది. తనకు మొగుడి జీతమైనా ఉంది, అక్కకు ఎవరున్నారు అనుకుంది.

మందుల షాపులో పనిచేసే అమ్మాయి ఒకరోజు తన తెల్లకోటు తీసుకెళ్లడానికి వచ్చింది. నిదానస్తురాలు. చిన్న పిల్లతల్లి. మూతికి మాస్కు, చేతులకు గ్లౌజులు. కోటు కవరులో పెట్టి ఇస్తూ లాండ్రీ ఆవిడ ఆపుకోలేక అడిగింది.

"నువ్వు కూడా ఇక ఇవ్వవా అమ్మా?"

ఆ అమ్మాయి నొచ్చుకుంది. "ఏమనుకోకండి ఆంటీ. ఇంట్లో పసిపిల్ల ఉంది. వేరే ఎవరన్నా అంటే నేను పట్టించుకునేదాన్ని కాదు. టీచరమ్మగారే చెప్పారు కదా. సొంత అక్క అబద్ధం చెబుతారా?"

లాండ్రీ ఆవిడకు అర్థం కాలేదు. "ఏ టీచరమ్మ?"

"మీ అక్కగారేనండీ. కేంద్రంలో ఇద్దరు ముగ్గురు పిల్లలకు జ్వరాలు వచ్చినప్పుడు మేమంతా అడిగాం. దుప్పట్లు మీ దగ్గర నర్సింగ్ హోమ్ బట్టలతో కలిశాయనీ, అందుకే వచ్చిందనీ చెప్పారు. చెల్లెలని మొహమాటపడకుండా చెప్పారని అందరం మెచ్చుకున్నాం కూడా. ఇప్పుడు దుప్పట్లన్నీ ఆవిడే ఉతుకుతున్నారు. అందుకే ధైర్యంగా మా పాపను పంపుతున్నాను."

అమ్మాయి వెళ్లిపోయింది. మెషిను తిరగడం ఆపి బీప్ బీప్‌మంటున్నా లాండ్రీ ఆవిడ కదల్లేదు. ముందు ఆమెకు కోపం రాలేదు, సిగ్గేసింది. ఎవరో తనను నడివీధిలో నిలబెట్టినట్టూ, నిలబెట్టింది ఎవరో తనకు తప్ప అందరికీ తెలిసినట్టూ అనిపించింది. ఆ మనిషి తెచ్చిన భోజనమే కదా ఇన్నాళ్లూ తిన్నది! ఆ చెయ్యే కదా వీపు నిమిరింది!

షట్టరు సగం దించి అలాగే బయల్దేరింది.

కేంద్రం ఖాళీగా లేదు. గుమ్మం పక్క అరలో చిన్న చిన్న చెప్పులు వరసగా ఉన్నాయి. హాల్లో పిల్లలు చాపల మీద పడుకుని ఉన్నారు. చెల్లెలి ముఖం చూడగానే అక్కకు అర్థమైపోయింది. ఏమీ అడగకుండా చెయ్యి పట్టుకుని వంటగదిలోకి తీసుకెళ్లి తలుపు దగ్గరికి వేసింది.

"ఎవరు చెప్పారు?"

"ఎవరు చెబితే ఏం? నిజమేనా?"

"గట్టిగా అరవకు. పిల్లలు లేస్తారు."

"నిజమేనా అక్కా?"

అక్క స్టవ్ గట్టుకు ఆనుకుంది. "ఏం చెప్పమంటావు నన్ను? ఒక పిల్లాడు జ్వరంతోనే వచ్చాడు. వాళ్లమ్మ కాళ్లావేళ్లా పడితే ఉంచుకున్నాను. వాడి నుంచి ఇంకో ఇద్దరికి వచ్చింది. నా దగ్గరే మొదలైందని తెలిస్తే ఈ తలుపులు మళ్లీ తెరుచుకుంటాయా? తల్లులంతా చుట్టూ చేరి అడుగుతుంటే నోటికి అదే వచ్చింది."

"నోటికి నేనే వచ్చానా?"

"ఇంకెవరున్నారే నాకు? పరాయివాళ్ల మీద వేస్తే ఊరుకుంటారా? నువ్వైతే తట్టుకుంటావనుకున్నాను." అక్క గట్టు వదిలి దగ్గరికొచ్చింది. "చిన్నప్పుడు నీ బదులు నేను ఎన్ని దెబ్బలు తిన్నానో నీకు తెలీదా? నా బదులు ఈ ఒక్కటీ నువ్వు తినలేవా?"

అక్క తిన్న దెబ్బలు నిజమే. నాన్న చెయ్యి లేస్తే అడ్డం వచ్చేది అక్కే.

"తిందును. నువ్వు అడిగి ఉంటే తిందునేమో" అంది చివరికి. "అడగలేదుగా. పైగా నేను మా ఆయన్ని అనుమానిస్తుంటే కూర్చుని విన్నావు. మగాళ్ల నోరు అంతేనన్నావు."

అక్క తల తిప్పుకుంది.

అప్పుడే లోపలి చిన్నగదిలోంచి ఏడుపు వినిపించింది. ఏడుపు కూడా కాదు, సన్నటి మూలుగు. అక్క అడ్డం వచ్చేలోపే చెల్లెలు తలుపు తోసింది. పక్క మీద మందుల షాపు అమ్మాయి కూతురు. బుగ్గలు ఎర్రగా కందిపోయి ఉన్నాయి. నుదుటి మీద చెయ్యి వేస్తే కాలిపోతోంది. ఊపిరికి పక్కటెముకలు ఎగిరెగిరి పడుతున్నాయి.

"వాళ్లమ్మకు చెప్పావా?"

"సిరప్ వేశాను. తగ్గిపోతుంది. సాయంత్రం వస్తుందిగా, అప్పుడు…"

"అప్పుడు ఏం చెబుతావు? ఇది కూడా నా లాండ్రీ నుంచే వచ్చిందనా?"

"చిట్టీ, నీకు దణ్ణం పెడతాను. ఈ ఒక్కరోజు ఊరుకో. ఇది బయటపడితే నేను మునిగిపోతాను."

లాండ్రీ ఆవిడ ఫోన్ తీసింది. అక్క చెయ్యి పట్టుకుంది. చిన్నప్పుడు రోడ్డు దాటించేటప్పుడు పట్టుకున్నట్టు గట్టిగా పట్టుకుంది. చెల్లెలు ఆ వేళ్లను ఒక్కొక్కటిగా విడదీసింది. తర్వాత మందుల షాపుకు ఫోన్ చేసింది.

తల్లి తెల్లకోటుతోనే పరుగెత్తుకొచ్చింది. పిల్లను ఎత్తుకుని, ఎవరితోనూ ఒక్క మాట మాట్లాడకుండా ఆటో ఎక్కింది. హాస్పిటల్లో ఆక్సిజన్ పెట్టారు. ఇంకాస్త ఆలస్యమైతే చెప్పలేకపోయేవాళ్లమని డాక్టరు అన్నాడట.

మర్నాడు ఆరోగ్యశాఖ నర్సు వీధికి వచ్చింది. కేంద్రంలో అడిగాక లాండ్రీకి వచ్చి ఇక్కడ నర్సింగ్ హోమ్ బట్టలు ఉతుకుతారా అని అడిగింది. ఏనాడూ ఉతకలేదని లాండ్రీ ఆవిడ చెప్పింది. మరి ఆ మాట ఎక్కణ్ణించి వచ్చిందని నర్సు అడిగింది. అక్క పేరు ఎత్తకుండా తప్పించుకునే దారి కోసం మనసంతా వెతికింది. కానీ కళ్లముందు ఆ పిల్ల పక్కటెముకలు ఆడుతూనే ఉన్నాయి. ఇంకా ఎందరు పిల్లలు ఆ చాపల మీద పడుకుంటున్నారో గుర్తొచ్చింది. జరిగింది జరిగినట్టు చెప్పింది. చెబుతున్నంతసేపూ నేల చూపులే చూసింది.

కేంద్రం మూయించారు. పిల్లలందరికీ పరీక్షలు చేశారు. జ్వరం వచ్చినవాళ్లంతా కోలుకున్నారు. మందుల షాపు అమ్మాయి కూతురు అందరికంటే ఆలస్యంగా, బాగా చిక్కిపోయి ఇంటికి వచ్చింది.

వీధి తిరిగి లాండ్రీకి వచ్చింది. తప్పైందని మాత్రం ఎవరూ అనలేదు. మూడో అంతస్తు పెద్దాయన బట్టల మూట బల్ల మీద పెడుతూ, "మేమెప్పుడూ నమ్మలేదమ్మా" అన్నాడు. ఉతకని బట్టలు మొదట వెనక్కి పట్టుకెళ్లింది ఆయనే. ఆమె మూట తీసుకుంది గాని తల ఎత్తలేదు. ఒకప్పుడు అందరితో నవ్వుతూ మాట్లాడేది. ఇప్పుడు ఎవరు నవ్వినా, ఈ మనిషి నా వెనక ఏమని ఉంటాడా అనిపించేది.

మొగుడికి ఆమే క్షమాపణ చెప్పుకుంది. అతను, "పదిమందీ నమ్మకపోతే నాకేం కాదు. నువ్వు నమ్మలేదు చూడు, అదే…" అని ఆపేశాడు. తర్వాత టీ పెట్టమన్నాడు. మాటలు మళ్లీ కలిశాయి గాని, కలిసినచోట అతుకు తెలుస్తూనే ఉంది.

అమ్మ వేరే ఊళ్లో తమ్ముడి దగ్గర ఉండేది. ఫోన్ చేసి గొల్లుమంది. "తోడబుట్టినదాన్ని ఆఫీసువాళ్లకు పట్టిచ్చావటే? కన్నకూతురిలా పెంచింది కదే నిన్ను!" పిల్ల సంగతి చెప్పబోతే అమ్మ వినలేదు. అక్క ముందే తన వైపు కథ చెప్పేసుకుందని ఆమెకు అర్థమైంది.

కేంద్రం సామాను ఖాళీ చేసే రోజు అక్క లాండ్రీకి వచ్చింది. లోపలికి రాలేదు. గుమ్మం అవతలే నిలబడింది. మనిషి సగమైంది. జుట్టు కూడా సరిగా దువ్వుకోలేదు. ఆ రూపం చూడగానే చెల్లెలి కాళ్లు వాటంతట అవే రెండడుగులు ముందుకు వేశాయి. అక్క ఒక్కసారి తప్పంటే చాలు, అన్నీ మరిచిపోదామనుకుంది.

"నేను పరాయివాళ్ల మధ్య ఒక అబద్ధం ఆడాను" అంది అక్క. "నువ్వు పరాయివాళ్ల మధ్య నన్నే నిలబెట్టావు. నువ్వింత పని చేస్తావని కలలో కూడా అనుకోలేదు చిట్టీ."

ఆ మాట నటన కాదు. అక్క కళ్లలో నీళ్లు నిజమైనవి. మోసపోయింది తనేనని ఆమె నిజంగానే నమ్ముతోంది. దాంతో చెల్లెలికి చివరి ఆశ కూడా పోయింది. తన మాట తనే నమ్మని మనిషికైతే నచ్చజెప్పవచ్చు. ఇంతగా నమ్మిన మనిషికి ఏం చెప్పాలి?

"పిల్ల బతికింది అక్కా" అంది.

"నేను బతికానా?" అంది అక్క.

సామాను బండి హారన్ కొడితే అక్క వెళ్లి డ్రైవరు పక్కన కూర్చుంది. బండి మలుపు తిరిగేదాకా చెల్లెలు గుమ్మంలోనే నిలబడింది. అక్క వెనక్కి తిరిగి చూడలేదు.