పదకొండు రోజులకు సాక్ష్యం

మా అక్క కమలాంబతో నేను ఒకే ఒక్క అబద్ధం ఆడాను. అది పదకొండు రోజులు నడిచింది. మూడేళ్ళ తర్వాత దాన్ని విప్పడానికి గవర్నమెంటు మనిషి రావలసి వచ్చింది.

అక్క రెండో కొడుకు కోదండరాం. వాడికి 1952లో అలమేలునిచ్చి పెళ్ళి చేశాం. పెళ్ళయిన ఎనిమిది నెలలకే వాడు మలయాకు ఓడెక్కాడు. అక్కడ రబ్బరు తోట ఆసుపత్రిలో పుళ్ళు కడిగి కట్లు కట్టే ఉద్యోగం. ఒంటరిగా వచ్చిన మగవాళ్ళందరికీ కలిపి ఒక పొడుగాటి కొట్టం ఇచ్చారు. అందులోకి పెళ్ళాన్ని తీసుకుపోయే వీలు లేదు. అందుకని అలమేలు మద్రాసు పురసవాక్కంలో అత్త దగ్గరే ఉండిపోయింది.

1959లో వాడికి విడిగా ఇల్లు దొరికింది. ఒక గది, ఒక వంటిల్లు, వెనక ఒక బొప్పాయి చెట్టు. ఉత్తరం అందిన రోజే అలమేలు ట్రంకు పెట్టె దులిపి ఎండలో పెట్టింది. ఆ వెనకనే ఇంకో ఉత్తరం వచ్చింది. మలయాలో కొత్త రూలు పెట్టారట. మొగుడూ పెళ్ళామూ వరసగా ఐదేళ్ళు విడివిడిగా ఉండి ఉంటే, ఇక ఆ పెళ్ళాన్ని ఆ దేశంలో దిగనివ్వరట.

అక్క వేళ్ళు మడిచి లెక్క చూసింది. ఆరున్నరేళ్ళు.

"ఇదేం రూలురా మునిరాజూ? దూరంగా ఉండినారు, అందుకని రాకూడదంట. దూరంగా ఉండబట్టే గదా పోతామని అడగతా ఉండేది!" అంది.

అలమేలు తల వంచుకునే నా వంక చూసింది. ఎందుకంటే అక్క లెక్కలో ఆరున్నరేళ్ళు గానీ, అలమేలు లెక్కలోనూ నా లెక్కలోనూ మూడేళ్ళే.

ఆ తేడా ఎలా వచ్చిందో చెప్తాను.

1956 ఆడి నెలలో, అంటే ఆషాఢంలో, ఒకరోజు పొద్దున నేను కోడంబాక్కంలో మా ఇంటి ముందు పళ్ళు తోముకుంటుంటే కోదండరాం వచ్చి నిలబడ్డాడు. చేతిలో చిన్న సంచీ. తోటలో ఒక గుమాస్తాకు జబ్బు చేస్తే, ఓడలో తోడుగా వచ్చి మద్రాసులో దించి పొమ్మని వీణ్ణి పంపారు. తిరుగు ఓడ పదకొండు రోజులకు.

"అమ్మను చూసినావురా?" అన్నాను.

"లేదు మామా. ఈసారి చూడను."

"ఏందిరా ఆ మాట?"

"ఆ ఇంట్లో ఉండేది రెండు గదులు. పదిమంది జనం. అమ్మ నడిమధ్యన పడుకుంటాది. పెళ్ళయిన ఎనిమిది నెలలూ నా పెళ్ళాం మొగం నేను సాంబారు వడ్డించేటప్పుడు చూసిందే. ఇప్పుడు పోతే చుట్టాలంతా వచ్చి, మలయాలో ఏం తింటావు, పాములు ఉండాయా అని అడగతా కూర్చుంటారు. పదకొండు రోజులు సాంబారు తినేసి ఓడెక్కాల్సిందే. నీ కాళ్ళు పట్టుకుంటా మామా, అలమేలును ఈడికి పిలిపించు."

నేను ఇంకా ఆలోచిస్తూనే ఉన్నాను. నా భార్య తాయారు అప్పటికే ఒప్పేసుకుంది. కాలు బెణికింది, వంటకు సాయంగా అలమేలును పంపమని పురసవాక్కానికి కబురు పెట్టింది. ఆ రోజునుంచి మా వీధిలో కుంటుతూ తిరిగింది. ఒక్కోసారి కుడికాలు, ఒక్కోసారి ఎడమకాలు.

మాది పెంకుటిల్లు. ముందు వసారా, వెనక వంటకు సందు, మధ్యన ఒకే ఒక్క గది. ఆ గదికి తలుపు లేదు, గోనెపట్టా వేలాడేది. పెళ్ళయిన పిల్లలకు గోనెపట్టా ఏం చాలుతుంది? నేను సినిమా స్టూడియోలో సెట్లు కట్టే వడ్రంగిని. ఆ వారమే ఒక రాజుగారి అంతఃపురం కట్టి ఉన్నాం. షూటింగు వాయిదా పడి తలుపు ఊరికే పడి ఉంటే, మేస్త్రీని బతిమాలి తోపుడుబండి మీద ఇంటికి తెచ్చాను. రెండు పక్కలా నెమళ్ళు, నడుమ బంగారు రంగు తామరలు. మా గుమ్మానికి అది జానెడు పెద్దది. బయటివైపు నిలబెట్టి మడతబందులు కొట్టాను. వీధిలో వాళ్ళు పిల్లల్ని చంకనేసుకుని చూడటానికి వచ్చారు.

"ఏం మునిరాజూ, యువరాజు దిగినాడా?" అని ఎగతాళి చేశారు.

"దిగినాడు, దిగినాడు. తొంగి చూడకండి" అన్నాను.

నాలుగో రోజు మధ్యాహ్నం అక్క వచ్చేసింది, సీసాలో నూనె కాచి పట్టుకుని. మరదలి కాలు బెణికిందంటే ఊరుకునే మనిషి కాదు. కోదండరాం గదిలో ఉన్నాడు. తాయారు గబుక్కున తలుపు మూసింది. అక్క వసారాలో కూర్చుని, ఆ తలుపుకే వీపు ఆనించి, తాయారు కాలు ఒళ్ళో పెట్టుకుని గంటసేపు నూనె తోమింది.

"గంజి తాగే ఇంటికి నెమళ్ళ తలుపేందిరా నీ మొగానికి!" అని నన్ను చూసి నవ్వింది.

లోపల వాడు తలుపుకు అవతలి పక్కన కూర్చుని ఆ మాటలన్నీ విన్నాడు. ఆ పూట అన్నం సరిగా తినలేదు. అయినా వెళ్ళి చూడలేదు. పదకొండో రోజు ఓడెక్కాడు. అలమేలు పురసవాక్కం పోయింది. తలుపు స్టూడియోకు పోయింది. తాయారు కాలు బాగయింది.

ఇప్పుడు వాడు మలయాలో పెళ్ళాం కోసం పెట్టిన దరఖాస్తులో ఉన్నదున్నట్టు రాసేశాడు. 1956లో మద్రాసు వచ్చాను, భార్యతో పదకొండు రోజులు ఉన్నాను అని. ఓడ దిగినట్టు పాస్‌పోర్టులో ముద్ర ఉంది. భార్యతో ఉన్నట్టు ముద్ర ఎవరు వేస్తారు? దానికి ఈ ఊళ్ళో విచారణ పెట్టారు. సుందర్‌రాజ్ అనే గుమాస్తా, బుధవారం పొద్దున పురసవాక్కం ఇంటికి వస్తానని కార్డు వేశాడు.

అలమేలు ఆ కార్డు పట్టుకుని కోడంబాక్కం పరుగెత్తుకొచ్చింది.

"మామా, అత్తకు తెలిస్తే నన్ను బతకనీదు. తెలియకుంటే వాళ్ళు నన్ను పోనీరు. నేనేం చేసేది?"

అక్కను ఆ రోజుకు ఊరు దాటించాలనుకున్నాం. తిరుత్తణి కొండకు మొక్కు ఉందని, తోడు రమ్మని తాయారు పిలిచింది.

"గవర్నమెంటాయన నా ఇంటికి వస్తా ఉంటే నేను కొండెక్కేదా? నా కొడుకు సంగతి నేను చెప్పకుంటే ఎవరు చెప్పేది?" అంది అక్క. కోడలి పర్మిటు తన మాటతోనే వస్తుందని ఆమెకు గట్టి నమ్మకం. బుధవారం తెల్లారేసరికే ఉతికిన చీర కట్టుకుని గుమ్మం ఎదురుగా కూర్చుంది. నేనూ తాయారూ కూడా పోయి ఒక మూల కూర్చున్నాం.

సుందర్‌రాజ్ వేపేరి మనిషి. తెలుగు బాగా వచ్చు. గొడుగు మూల పెట్టి, కాఫీ తాగి, ఫైలు విప్పాడు.

"అమ్మా, మీ అబ్బాయి ఇన్నేళ్ళలో ఊరికి ఎన్నిసార్లు వచ్చినాడు?"

"రాలా."

"ఒక్కసారి కూడానా?"

"నా కొడుకు సార్ వాడు! మద్రాసులో కాలు పెడితే ముందు నా దగ్గరికి వస్తాడు గాని వేరే చోటికి పోతాడా? ఆరున్నరేళ్ళు. లీవు లేదు, పండగ లేదు. పనే పని. అట్లాంటి బిడ్డ ఈ వీధిలో ఇంకొకడు ఉండాడేమో మీరే అడగండి."

ఆమె పొగిడేకొద్దీ ఆయన రాసుకుంటున్నాడు. ఆయన రాసుకునేకొద్దీ అలమేలు మొహం వాడిపోతోంది. చివరికి ఆయన కలం పక్కన పెట్టాడు.

"అయితే ఈ దరఖాస్తు నిలవదమ్మా. మీ అబ్బాయి 1956లో వచ్చినాడంట. పెళ్ళాంతో పదకొండు రోజులు ఉండినానని రాసినాడు. వచ్చింది నిజం, ముద్ర ఉండాది. ఇంటికి రాలేదని మీరు చెప్తా ఉండారు. అప్పుడు పెళ్ళాంతో ఉండింది అబద్ధం."

ఆ ముద్ర ఏదో చూపించమని అక్క చెయ్యి చాచింది. ఇక నేను లేచాను.

"ఉండినాడు సార్. మా ఇంట్లో ఉండినాడు. అలమేలు కూడా ఆడనే ఉండింది" అన్నాను. మొదలుపెట్టాక ఆగలేదు. ఓడ, తోట గుమాస్తా జబ్బు, సాంబారు, నెమళ్ళ తలుపు, అన్నీ చెప్పేశాను.

అక్క నా వైపే చూస్తోంది. నేను ముగించాక చాలా మెల్లగా అడిగింది.

"నేను నూనె తెచ్చిన పొద్దు?"

"ఆ పొద్దూ ఉండినాడక్కా. తలుపెనకాల."

"నేను ఆనుకోని కూర్చున్న తలుపా?"

"ఆ తలుపే."

వీధిలో ఐసు బండి గంట వినిపించింది. అక్క తాయారు వైపు తిరిగింది.

"అయితే ఏమే, నీ కాలు?"

"బాగానే ఉండె వదినా" అంది తాయారు, కాలు చీర కిందికి లాక్కుంటూ.

"బాగుండే కాలు గంటసేపు తోమించుకున్నావా? ఆ పొద్దు నా మోకాలు పీకతా ఉండె! ఆ నూనె నేను పూసుకొని ఉంటే నాకైనా తగ్గి ఉండునే, పాపిష్టిదానా!"

సుందర్‌రాజ్ ఖాళీ కాఫీ గ్లాసు ఎత్తి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. నవ్వు తగ్గాక గ్లాసు దించి నాతో అన్నాడు.

"మునిరాజుగారూ, మూడేళ్ళు కన్నతల్లి దగ్గరే దాచిపెట్టిన మనిషి మీరు. మీ మాట రాస్తే పైనోళ్ళు నమ్మరు. దీంట్లో లేని మనిషి ఎవరైనా చెప్పాల."

"వీధంతా చూసింది సార్, ఆ తలుపును."

"తలుపును చూసినారు. తలుపెనకాల ఉండింది ఎవరో చూసినారా? రాజుగారి తలుపును నేను ఫైల్లో పెట్టలేను."

ఆయన కాగితాలు సర్ది తాడు కట్టబోయాడు. అలమేలు ఏడవలేదు, ఆ పొద్దున మళ్ళీ ఎండలో పెట్టిన ట్రంకు పెట్టె లోపలికి తేవడానికి వాకిట్లోకి కదిలింది.

"యాడికి పోతా ఉండావు? నిలబడు" అంది అక్క. "మీరూ కూర్చోండి సార్. దీంట్లో లేని మనిషి కావాల, అంతేనా? నాకన్నా లేని మనిషి ఎవరుండారు? నేను చెప్తా. రాసుకోండి."

ఆయన తాడు విప్పాడు.

అక్క అలమేలును పైనుంచి కిందిదాకా చూస్తూ చెప్పింది. "ఆ పొద్దు ఈ పిల్ల తలలో రెండు మూరల మల్లెపూలు ఉండె. ఈడ నా ఇంట్లో చిన్న తునక పెట్టుకునేది ఆడ రెండు మూరలు పెట్టుకోని ఉండె. కళ్ళకు కాటుక. నీళ్ళు తెమ్మంటే ఖాళీ చెంబు తెచ్చి ఇచ్చినాది. అత్త పక్కన లేదని సంతోషం కాబోలు అనుకుంటి. దండెం మీద చారల చొక్కా ఆరతా ఉండె. నా తమ్ముడు చారల చొక్కా వేసే మనిషి కాడు. ఈ చారలు యాడో చూసినట్టు ఉండాయే అనుకుంటి. నేను కుట్టించి ఇచ్చిన చొక్కా సార్ అది, వాడు ఓడెక్కేటప్పుడు. నాకే తట్టలా. తిక్కదాన్ని."

"ఇది ప్రమాణంగా చెప్తారా అమ్మా?"

"చెప్తా. నా కొడుకు వచ్చినాడు. పెళ్ళాంతో ఉండినాడు. నేను జానెడు దూరంలో కూర్చోని ఉండినా."

"చాలమ్మా. ఈడ వేలిముద్ర వేయండి."

"ఇంకొకటి రాయండి. కన్నతల్లిని చూడకుండా పోయినాడు."

"అది ఈ విచారణకు అక్కర్లేదమ్మా."

"మీకు అక్కర్లేదు. నాకు కావాల. అది రాయకుంటే వేలిముద్ర లేదు."

సుందర్‌రాజ్ కలం సిరాలో ముంచి ఆ మాట కూడా రాశాడు. అక్క రెండుసార్లు చదివి వినిపించమంది. వినిపించాడు. అప్పుడు వేలు చాచింది.

ఆయన పోయాక అక్క తీర్పు చెప్పింది. ప్రతి శుక్రవారం తాయారు పురసవాక్కం వచ్చి గంటసేపు తన మోకాళ్ళకు నూనె తోమాలి. నేను మూడు నెలలు ఆ ఇంట్లో కాఫీ అడగకూడదు. అలమేలుకు మాత్రం ఏ శిక్షా వేయలేదు. వారం రోజులు ఆమెతో మాట్లాడలేదు, అంతే. ఎనిమిదో రోజు తనే ఒక మూర మల్లెపూలు కొని తెచ్చి, "పెట్టుకో, ఈడ కూడా పెట్టుకోవచ్చు" అంది.

కార్తీకం గడిచాక కోదండరాం ఉత్తరం వచ్చింది. మలయా ఆఫీసులో దొర వాణ్ణి పిలిపించి, ఫైలు ముందర పెట్టి, తల్లిని ఎందుకు చూడలేదో కారణం చెప్పమన్నాడట. అమ్మను చూస్తే మళ్ళీ ఓడెక్కలేనని భయమేసింది దొరా అన్నాడట. దొర తల ఊపి ముద్ర వేశాడట.

అక్క ఉత్తరం అలమేలు చేత చదివించుకుని విన్నది.

"పచ్చి అబద్ధం. సాంబారు కారణమని మునిరాజు చెప్పనే చెప్పినాడు" అంది. ఉత్తరం మడవబోతున్న అలమేలును ఆపి, "బాగా చెప్పినాడు గాని. ఆ ముక్క ఇంకోసారి చదువు" అంది.

మార్గళి నెలలో, అంటే ధనుర్మాసంలో, పర్మిటు వచ్చింది. హార్బరుకు అందరం పోయాం. ఎక్కే మెట్ల దగ్గర అలమేలు అత్త కాళ్ళకు దణ్ణం పెట్టి లేవకుండా ఏడుస్తూ కూర్చుంది. అక్క రెక్క పట్టి లేపింది.

"వాడితో చెప్పు. ఈసారి వస్తే ఇద్దరూ యాడైనా దిగండి. మామ ఇంట్లో దిగండి, టి. నగర్‌లో గది తీసుకోని దిగండి. నేను అడగను. యాడ దిగినారో నాకు ఒక కార్డు ముక్క వెయ్యండి, చాలు. ఒక పూట వచ్చి, చూసి, సాయంత్రం బస్సుకు వచ్చేస్తా."

అలమేలు ఇంకా గట్టిగా ఏడ్చింది.

"ఏడవద్దు. ఏడ్చే కోడళ్ళు రాకూడదని ఇంకో రూలు పెట్టేస్తారు. ఎక్కు, ఎక్కు" అని అక్క ఆమెను వెనకనుంచి తోసింది.