పొరుగింటి మజ్జిగ

ఉగాది వారం రోజులుందనగా కన్నడ భక్తులు ఆత్మకూరు మీదుగా శ్రీశైలానికి నడిచిపోతారు. చెప్పుల్లేని కాళ్ళు, భుజాన మూట, నోట మల్లయ్య పేరు. ఆ వారం నాగలక్ష్మమ్మకు పండగ, పక్కింటి అబీదా బీకి కడుపుమంట.

నాగలక్ష్మమ్మ ఇంటి ముందు పందిరి వేసి నాలుగేళ్ళుగా వాళ్ళకు మజ్జిగ పోస్తోంది. ఏం బ్రహ్మవిద్య అది? పెరుగు చిలికి నీళ్ళు కలిపితే మజ్జిగ. దానికే వీధంతా ఆమెను ధర్మాత్మురాలంటుంది. పొరుగింటి పుల్లకూర రుచి అంటారు గానీ, అబీదా బీకి ఆ పొరుగింటి మజ్జిగ పేరు వింటేనే చేదు. ఇంతవరకూ ఒక్క చుక్క తాగలేదు. ముప్పై ఏళ్ళుగా ఆమె పరుపులూ బొంతలూ కుడుతోంది. ఊళ్ళో సగం మంది పడుకునేది ఆమె కుట్టిన పరుపుల మీదే. హాయిగా నిద్రపోయి లేచినవాడు ఒక్కడైనా ఆమె పేరు తలిచాడా?

ఈ ఏడు రంజాన్ నెలా ఉగాదీ కలిసి వచ్చాయి.

"మనం గూడ పందిరి వేస్తాం. సేమియా పాయసం పోస్తాం. ఆ నీళ్ళ మజ్జిగ యాడ, నా పాయసం యాడ!" అంది అబీదా బీ.

మొగుడు హుసేన్ వలి దూది ఏకుతూ నవ్వాడు. "పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టుండాది నీ కత. ఈ ఎండలో పాయసం ఎవురు తాగుతారే?"

"తాగేది వాళ్ళు, పోసేది నేను. నడుమ నీకేం కష్టం?"

మర్నాడు పొద్దున పెద్ద గిన్నె నిండా పాయసం ఉడికింది. కోడలు గౌసియా బెల్లం వేసి నీళ్ళకు పోయింది. ఆ సంగతి తెలియక అత్త మళ్ళీ అంత బెల్లమూ వేసింది. ఇంటిల్లిపాదీ రోజా ఉపవాసం ఉన్నారు. ఇక రుచి చూసేదెవరు?

మొదటి గుంపులోని ముసలాయన ఒక గుక్క తాగి కళ్ళు మూసుకున్నాడు. మర్యాద కోసం రెండో గుక్క మింగి, గ్లాసు దించి, గబగబా పక్క పందిట్లో దూరాడు. వెనక వచ్చినవాళ్ళూ అంతే. పాయసం తాగిన ప్రతివాడికీ దాహం, ఆ దాహానికి మందు నాగలక్ష్మమ్మ దగ్గర! మధ్యాహ్నానికే ఆమె కుండలు ఖాళీ అయ్యాయి.

"ఏమ్మే అబీదా, ఈ పొద్దు నా మజ్జిగకు శానా గిరాకీ ఉండాదే!" అని ఆమె నవ్వింది. అబీదా బీకి ఆ కుండలన్నీ నడివీధిలో పగలగొట్టాలనిపించింది.

అప్పుడే ఒక కన్నడామె కుంటుకుంటూ వచ్చి, అబీదా బీ పందిట్లో పరిచిన పరుపు మీద కూలబడింది. పాయసం గ్లాసు చూసి చెయ్యి అడ్డంగా ఊపింది.

"పాయసం వద్దంటే ఇంగ నాతో ఏం పని?" అని విసుక్కుంటూనే అబీదా బీ ఆమె కాళ్ళు చూసింది. అరికాళ్ళ నిండా బొబ్బలు. కొన్ని చితికి మట్టి అంటుకుంది. ముందంతా నల్లమల అడవి దారి.

అబీదా బీ చెంబుతో నీళ్ళు తెచ్చింది. ఆ కాళ్ళు ఒళ్ళో పెట్టుకుని కడిగింది, తుడిచింది. మొగుడు అప్పుడే ఏకిన దూదిని ఉతికిన పాత చీరముక్కల మధ్య పరిచి, దబ్బనంతో కుట్టి, అరికాలంత పరుపు చేసింది. కొబ్బరినూనె రాసి ఆ పరుపులు కాళ్ళకు కట్టింది. ఆ కన్నడామె లేచి నాలుగడుగులు వేసి, వెనక్కి వచ్చి అబీదా బీ చేతులు కళ్ళకద్దుకుంది. పేరు అడిగింది. కొండ మీద దేవుడికి చెప్పాలట. తప్పు పోకుండా రెండుసార్లు పలికి మరీ నేర్చుకుంది.

అంతే, గంటలో పందిరి నిండింది. హుసేన్ వలి దూది ఏకుతున్నాడు, గౌసియా గుడ్డలు చింపుతోంది, అబీదా బీ దబ్బనం ఆగడం లేదు. మధ్యలో రెండుసార్లు మాత్రం తలెత్తి, ఏ పందిట్లో జనం ఎక్కువున్నారో చూసుకుంది. ఆ బుద్ధి ఒక్కరోజులో పోతుందా?

పొద్దుగూకే వేళ నాగలక్ష్మమ్మ మళ్ళీ చిలికిన మజ్జిగ గ్లాసు పట్టుకుని వచ్చి వరుస చివర కూర్చుంది. అబీదా బీ చూసి కూడా చూడనట్టే ఉండిపోయింది. కూర్చోనీ. ముందున్న ముగ్గురికీ తీరిగ్గా కుట్టింది. ఇంతలో మసీదు నుంచి బాంగు వినిపించింది.

"ఇంద, ఒక్కపొద్దు విడువు," అంటూ నాగలక్ష్మమ్మ గ్లాసు చాచింది. "నాలుగేండ్లుగా పోస్తాండా. తాగుతారు, గ్లాసు ఆడ పెడతారు, పోతారు. నా పేరేందని ఒక్కరు అడగల్యా. నీ కాడ కూర్చుని ఇంటి కతలన్నీ చెప్తాండారు. చూస్తాంటే నాకు కడుపు మండిపాయె."

ఆ మాటకు అబీదా బీకి కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. వెంటనే సిగ్గూ వేసింది. అప్పుడు కనిపించాయి, నాగలక్ష్మమ్మ చీర అంచు కింద దాచుకున్న కాళ్ళు. రోజంతా తడినేల మీద నిలబడి మడమలు పగిలి నెత్తురు కారుతున్నాయి.

అబీదా బీ గ్లాసు అందుకుని తాగింది. చల్లగా, అల్లం ఘాటుతో ప్రాణం లేచొచ్చింది. చివరి చుక్క దాకా తాగింది. బాగుందని చెప్పడానికి మాత్రం నోరు రాలేదు.

"ఉప్పు తక్కువైంది లక్ష్మక్కా," అంది దబ్బనానికి దారం ఎక్కిస్తూ. "కాళ్ళు ఇట్ల పెట్టు."